ఏడెనిమిదులెంత?

"మా, నీకు దండం పెడ్తా. పాపకు కథలు చెప్పు, పద్యాలు చెప్పు, ఏమన్నా చెప్పు. లెక్కలు మాత్రం నువ్వు చెప్పొద్దు."

మా అబ్బాయి నాతో ఈ మాట అన్నది 2020 ఏప్రిల్‌లో, రాత్రి సంగటి ముందు కూర్చుని. అన్నవాడు తల ఎత్తలేదు. విన్న నేనూ ఎత్తలేదు. కోడలు మాత్రం మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసి, చారు తెచ్చే నెపంతో లోపలికి వెళ్ళిపోయింది. తెలివైన పిల్ల.

అప్పటికి బడులు మూసి నెల కావస్తున్నది. కరోనా అని దేశమంతా తలుపులు బిగించుకున్న రోజులు. మా తాడిపత్రిలో బండల ఫ్యాక్టరీలు కూడా మూతపడ్డాయి. ఈ ఊరెరుగనివారికి ఒక మాట చెప్పాలి. పెన్న ఒడ్డున బుగ్గ రామలింగేశ్వరుడూ, ఊళ్ళో చింతల వేంకటరమణుడూ వెలసిన చోటు మాది. పైనుంచి వచ్చినవాళ్ళకు ఆ గోపురాలు చూపిస్తాం. కాని నిత్యం మా చెవుల్లో మోగేది మాత్రం నాపరాళ్ళు కోసే రంపాల చప్పుడే. కడప బండలనీ, తాడిపత్రి బండలనీ మీరు కొని ఇంట్లో పరుచుకునే నల్లరాయి అదే. ఆ చప్పుడు ఆగిపోయేసరికి ఊరికి చెవుడొచ్చినట్టయింది. రాతి దుమ్ము లేక మా వీధిలో వేపచెట్టు అసలు రంగు మొదటిసారి చూశాను.

ఇంట్లో ఇద్దరు పిల్లలు. పెద్దాడికి పదేళ్ళు, చిన్నదానికి ఎనిమిది రాబోతున్నవి. వాళ్ళమ్మ వంటతో, కుట్టుమిషనుతో సతమతమవుతున్నది. పనిలేక కూర్చున్నది నేనొక్కతెనే. నాకు డెబ్బైరెండేళ్ళు, ఎనిమిదో తరగతి చదువు, ఇరవయ్యో ఎక్కం దాకా కంఠస్థం. లెక్కలు నేను చెబుతాననడం న్యాయమే గదా! మరి కన్నకొడుకు చేతులు జోడించి వద్దనడం ఎందుకు? ఎందుకో నాకు తెలుసు. వాడికీ తెలుసు. ముప్పైనాలుగేళ్ళుగా మా ఇద్దరి మధ్యా ఆ సంగతి ఒక్కసారికూడా మాటల్లోకి రాలేదు, అంతే.

1986లో వాడు మూడో తరగతి. ఒక సాయంత్రం ఎక్కాలు అప్పజెప్పించుకుంటూ, "ఏడెనిమిదులెంత రా?" అన్నాను. "యాభైనాలుగు" అన్నాడు. విసనకర్ర తిరగేసి కాడతో ఒకటి వేశాను. మళ్ళీ అడిగాను. మళ్ళీ యాభైనాలుగే. భయంలో మనిషికి మొదట నోటికొచ్చిన మాటే పట్టుకుని వుండిపోతుందని ఇప్పుడు తెలుసు, అప్పుడది మొండితనమనుకున్నాను. నాకు వచ్చింది గదా, నా కడుపున పుట్టినవాడికి ఎందుకు రాదన్న పట్టుదల ఒకటి. ఎన్ని దెబ్బలు వేశానో నేను లెక్క పెట్టలేదు. వాడు పెట్టి వుంటాడు. చివరకు ఆయన వచ్చి విసనకర్ర లాక్కుని విరిచి పారేశారు.

ఆ తరువాత లెక్కల పుస్తకం తీస్తే చాలు, వాడి కుడిచెయ్యి చెంప దగ్గరికి పోయేది. పదో తరగతి లెక్కల్లో రెండుసార్లు తప్పాడు. మూడోసారి పరీక్షకు పోలేదు. బండలు ఎత్తే కూలిగా ఫ్యాక్టరీలో చేరాడు. ఇవాళ అక్కడే కొలతలు చూసి లారీలకెత్తించే మేస్త్రీ. అన్నం పెట్టే పనే, నేను కాదనను. అయినా ఆ విసనకర్ర కాడ నాకు ఇప్పటికీ కలలోకి వస్తుంది.

కాబట్టి, "సరే నాయనా, చెప్పను" అన్నాను.

జూన్ దాటాక ఫోనులో క్లాసులు మొదలయ్యాయి. ఉన్నది ఒక్క ఫోను. ఫ్యాక్టరీలు తెరిచారు గనుక అది వాడి జేబులో పనికి పోతుంది. ఇంట్లో వున్న పూట ఇద్దరు పిల్లలూ దానికోసం కొట్టుకుంటారు. ఒకరోజు ఫోనులో టీచరమ్మ మా చిన్నదాని పేరు పిలిచి, "ఆరు నాలుగులు ఎంతమ్మా?" అన్నది. పాపం ఆమె మెత్తగానే అడిగింది. మా పిల్ల ఫోను బోర్లా పెట్టి, మంచం కిందికి దూరింది. వంగి చూద్దును గదా, ఆ పిల్ల కుడిచెయ్యి చెంపమీద వున్నది.

దాన్ని ఎవ్వరూ ఎన్నడూ కొట్టలేదు. మరి ఆ చెయ్యి అక్కడికెట్లా పోయింది? తండ్రిని చూసి నేర్చిందా, రక్తంలో వచ్చిందా, నేను చెప్పలేను. ఆ రాత్రి మాత్రం నాకు నిద్రపట్టలేదు.

తెల్లవారుజామున మా జేజి జ్ఞాపకం వచ్చింది. మా నాయనకు అమ్మ. ఆమెకు ఓనమాలు రావు. వేలిముద్ర మనిషి. కాని మా చిన్నప్పుడు శెనక్కాయల వ్యాపారి ఎవడూ ఆమెను మోసం చేసి ఎరగడు. 1957 ఏప్రిల్ 1న నయాపైసలు వచ్చినప్పుడు నాకు తొమ్మిదేళ్ళు. అణాకు ఆరు పైసలని అంగట్లో చెప్పారు. జేజి అరుగుమీద కూర్చుని వేళ్ళ కణుపులు లెక్కబెట్టుకుని, "అణాకు ఆరైతే పదహారణాలకు తొంభైయారే గదా! రూపాయికి నూరంటాండారే, తక్కిన నాలుగూ ఎవడు తిన్నాడు?" అని అడిగింది. మా నాయన నూనెమిల్లులో గుమాస్తా. ఆయనకూ జవాబు తోచలేదు. నాలుగణాలకు పాతిక, మూడణాలకు పంతొమ్మిది అని సర్దిన పట్టీ సర్కారువారు వేశారనుకోండి. అయినా ఆ పట్టీ చూడకుండానే మా జేజి దానిలో తిరకాసు పట్టుకున్నది.

ఆమెకు లెక్కలు ఎవరు నేర్పారు? వామనగుంటలు నేర్పాయి. ఆమె నోట అవి ‘ఓమనగుంతలు’. నాకూ అవే నేర్పాయి. బళ్ళో పంతులుగారు పాడించింది నేను అంతకుముందే ఆడి వచ్చినదాన్ని. ఆ సంగతి మరిచి, పాట ఒక్కటే గుర్తుపెట్టుకుని, దాన్ని విసనకర్రతో కొడుకు నెత్తిన రుద్దాను.

లెక్కలు చెప్పనని మాటిచ్చాను. ఆటలాడనని ఇవ్వలేదుగదా!

మా పడసాలలో పరిచినవి నల్లబండలే. పెద్దాడిచేత సుద్దముక్కతో రెండు వరసల గుండ్రాలు గీయించాను, వరసకు ఏడు. కోడలు చింతపండు కొట్టి దాచిన గింజల డబ్బా దింపి డెబ్బై గింజలు ఏరాను. గుంటకు ఐదు. ఒక వరస నాది, ఒకటి చిన్నదానిది. ఏదో ఒక గుంటలో గింజలు ఎత్తి వరసగా ఒక్కొక్కటి వేసుకుంటూ పోవాలి. చేతిలోవి అయిపోతే తరువాతి గుంటవి ఎత్తి సాగించాలి. తరువాతి గుంట ఖాళీగా వుంటే ఆ ఖాళీని చేత్తో తుడిచి దాని పక్క గుంటలో వున్నవన్నీ గెలుచుకోవాలి. ఎరిగినవారికి ఇదంతా చెప్పక్కర్లేదు. ఎరగనివారు ఈపాటికి ఎక్కువైపోయి వుంటారని చెబుతున్నాను.

మొదటి వారం చిన్నది గెలిచిన గింజలను ఒక్కొక్కటే లెక్కపెట్టేది. రెండోవారం ఐదైదు కుప్పలు పోసింది. ఆట అయిపోయాక ఎవరి గుంటలు వారు మళ్ళీ ఐదేసి గింజలతో నింపుకోవాలి. చాలకపోతే ఆ గుంటలు మూత. అందుకని ఐదైదులుగా పోయక తప్పదు. "ఐదు, పది, పదైదు, ఇరవై" అని దానికదే గొణుక్కుంటున్నది. అది ఐదో ఎక్కమని నేను చెప్పలేదు. చెబితే మంచం కిందికి పోతుందని భయం.

ఒకనాడు ఆట ముగిసింది. అది తన కుప్ప చూసుకుని, "జేజీ, నీవి ఇరవైతొమ్మిది" అన్నది. నేనింకా లెక్కపెట్టనేలేదు. పెట్టి చూస్తే ఇరవైతొమ్మిదే.

"ఎట్లా తెలిసింది మే?"

"నావి నలభైయొకటి గదా!" అన్నది, ఇంత తెలియదా అన్నట్టు. "నీకు ఐదు గుంతలు నిండి నాలుగు మిగుల్తాయి. రెండు గుంతలు మూత."

నేను లేచి, ఏదో పని వున్నట్టు పెరట్లోకి వెళ్ళి, కొంగుతో కళ్ళు తుడుచుకుని వచ్చాను. డెబ్బైలో నలభైయొకటి తీసివేత! ఐదుచేత భాగహారం, శేషంతో సహా! ఏ పలకమీదా లేదు. పిల్ల చేతిలో గింజలున్నాయి, మొహంలో నన్నోడించిన పొగరున్నది.

అక్కణ్ణుంచి ఇల్లంతా ఆటలైంది. పిడికిట్లో గింజలు పట్టి ‘సరా, బేసా’. ఒకటి కాదు, రెండు పిడికిళ్ళు: రెండూ బేసైతే కలిపితే ఏమవుతుంది? దీనిమీద అన్నాచెల్లెళ్ళు ఒక పూటంతా పోట్లాడి, ఎన్నిసార్లు చూసినా సరే వస్తుందని తేలేసరికి వాళ్ళకే ఆశ్చర్యం. పది గింజలు చూపించి, కొన్నింటిమీద కొబ్బరిచిప్ప బోర్లించి, బయట వున్నవి చూసి చిప్పకింద ఎన్నో చెప్పడం ఒకటి. అచ్చనగాయల్లో ఒక రాయి ఎగరేసి తక్కిన నాలుగూ ఒక్కొక్కటిగా, రెండేసిగా, మూడూ ఒకటిగా, నాలుగూ ఒకేసారిగా ఏరడం. నా మోకాళ్ళు నన్ను తిట్టుకున్నాయి. చింతగింజలు బండమీద అరగదీసి ఒకవైపు తెల్లచేసి అష్టాచెమ్మా మొదలుపెట్టామో లేదో, పెద్దాడు రుద్ది వేడెక్కిన గింజను చెల్లెలి చేతికి అంటించి చురుక్కుమనిపించాడు. ఆ రోజుకు ఆ ఆట రద్దు. ఇట్లాంటివి ఏ విద్యాశాస్త్ర గ్రంథంలోనూ రాయరు.

కోడలి పుట్టింటినుంచి విత్తనాలకని శెనక్కాయల బస్తా వచ్చింది. మా అనంతపురం జిల్లాలో వానకు నమ్మకం లేకపోయినా విత్తనానికి కాయ ఒలవక తప్పదు. పది కాయలు తీసి, "ఎన్ని గింజలు?" కాయకు రెండేసి లెక్కన ఇరవై. మూడు గింజల కాయ తగిలితే చెప్పినవారి లెక్క తప్పుతుంది. ఆ మూడోగింజ మాత్రం ఏరినవారి నోట్లోకి. ఈ ఒక్క షరతుతో రెండో ఎక్కం వారంరోజుల్లో వచ్చేసింది. బస్తాలో విత్తనం కొంచెం తగ్గింది. కోడలు చూసీ చూడనట్టు వూరుకున్నది.

పెద్దాడి సంగతి వేరు. వాడికి ఎక్కాలు వచ్చు, విసుగే ఎక్కువ. వాడికొక పాత కథ చెప్పాను. 1823లో బళ్ళారి కలెక్టరు కాంప్‌బెల్ అనే దొర తన జిల్లాలోని బడులను గురించి మద్రాసుకు ఒక నివేదిక పంపాడు. అప్పుడు మా తాడిపత్రి బళ్ళారి జిల్లాలోదే. అనంతపురం వేరే జిల్లా అయింది 1882లో. జిల్లాలో 533 బడులు, 6,641 మంది పిల్లలు. ఆ బడుల్లో 226 తెలుగువి, 235 కన్నడానివి. పిల్లలు ఇసకలో వేలితో అక్షరాలు దిద్దేవారనీ, పెద్ద పిల్లలు చిన్నపిల్లలకు చెప్పేవారనీ రాశాడు. ఇంకొకటి రాశాడు. పొద్దున అందరికంటే ముందు బడికి వచ్చిన పిల్లవాడి అరచేతిలో సరస్వతి పేరు రాసేవారట. రెండోవాడి చేతిలో సున్న. మూడోవాడికి ఒక దెబ్బ, నాలుగోవాడికి రెండు, ఆ తరువాత వచ్చినవాడికల్లా ఒక్కొక్కటి పెంచుకుంటూ పోవడం!

"బడికి పన్నెండుమందైతే పంతులు రోజూ ఎన్ని దెబ్బలు కొట్టాల?" అన్నాను. పన్నెండు నేను వూరికే అనలేదు. 6,641ని 533 బడులకు పంచితే సుమారు అంతే వస్తుంది.

వాడు ఒకటి నుంచి పది దాకా కూడబోయి ఆగాడు. "ఒకటీ పదీ పదకొండు, రెండూ తొమ్మిదీ పదకొండు... ఐదు పదకొండ్లు. యాభైఐదు జేజీ! పంతులికి చెయ్యి నొప్పెయ్యదా?"

నొప్పెట్టదు నాయనా అనబోయి, నోరు మూసుకున్నాను.

2021 ఫిబ్రవరి 1న చిన్నతరగతులకు బడులు తెరిచారు. చిన్నది చంకలో సంచీతో ఎగురుకుంటూ వెళ్ళింది. వారం తిరక్కుండా పరీక్ష కాగితం వచ్చింది. పదికి రెండు.

నా నెత్తిన బండ పడ్డట్టయింది. కాగితం తీసుకుని చూద్దును గదా, మూడో లెక్క: డెబ్బైలోంచి నలభైయొకటి తీసివేయుము. పైన డెబ్బై, కింద నలభైయొకటి, గీత. గీత కింద ముప్పైయొకటి అని వున్నది. సున్నలోంచి ఒకటి పోదు గనుక ఒకట్లోంచి సున్న తీసింది కాబోలు. ఇంట్లో రోజూ కళ్ళు మూసుకుని చెప్పే లెక్క!

మా అబ్బాయి కాగితం చూశాడు. నావైపు ఒక్క చూపు చూశాడు. ఏమీ అనలేదు. అంటే బాగుండును.

ఇట్లా జరిగింది మాకొక్కరికే కాదని చాలారోజుల తరువాత తెలిసింది. ఢిల్లీలో 214 బాలబడుల్లో 1,540 మంది పిల్లలమీద ఒక పెద్ద పరిశోధన చేసి 2017లో ప్రకటించారు. నాలుగు నెలలపాటు అంకెల ఆటలు ఆడించారు. ఆడిన పిల్లలకు ఎక్కువతక్కువలు పోల్చే చురుకు వచ్చి, చాలాకాలం నిలిచింది. కాని ఒకటో తరగతికి వెళ్ళి, అక్కడి అంకెలూ గుర్తులతో లెక్కలు చెయ్యడంలో మాత్రం తక్కిన పిల్లలకంటే ముందుకు పోలేదు. 2025లో ఇంకొకటి వచ్చింది. కలకత్తా, ఢిల్లీ బజార్లలో కూరగాయలూ అవీ అమ్మే పిల్లలు బేరంలో ఎంత చిక్కులెక్కయినా నోటితో తేల్చేస్తున్నారు. అటువంటి లెక్కనే కాగితంమీద పెడితే తెల్లమొహం వేస్తున్నారు. బడి పిల్లలకేమో కాగితం వచ్చును, బజారు రాదు. ఈ పరిశోధన చేసినవారిలో నోబెలు బహుమానం పొందిన బెనర్జీ, డఫ్లో దంపతులున్నారు.

నాకు మాత్రం ఆ సంగతి వాళ్ళకంటే నాలుగేళ్ళు ముందు మా ఇంటి గుమ్మంలోనే బోధపడింది. ఒక ఆదివారం ఎవరో మేస్త్రీ ఫోను చేసి మా అబ్బాయిని ఏదో అడిగాడు. వీడు మంచంమీద పడుకునే, "నూటెనభై బండలు, రెండుకు రెండువి. ఏడొందల ఇరవై అడుగులు. విరుగుడు ఐదు తీసెయ్, ఏడొందలు" అన్నాడు. కన్ను రెప్ప వేసినంతసేపు పట్టలేదు. పదో తరగతి లెక్కల్లో రెండుసార్లు తప్పినవాడు!

"అది కాగితంమీద ఎట్లా వేస్తావు రా?" అన్నాను, మాటవరసకు.

వాడి చెయ్యి చెంప దగ్గరికి పోయింది. "కాగితం యాల మా, నోట్లో వుంటే" అన్నాడు, గోడవైపు తిరిగి.

లోపం ఆటలో లేదు. ఆటకూ కాగితానికీ మధ్య నేను వంతెన వెయ్యలేదు. గింజలు గింజలుగానే వుండిపోయాయి, అంకెలు అంకెలుగానే. ఆ సాయంత్రం వామనగుంటల పక్కన పలక పెట్టాను. ఇకనుంచి ఆట అయ్యాక గెలుపు రాసినవారిదే గెలుపు. నోటితో చెబితే చెల్లదు. మొదట చిన్నది పేచీ పెట్టింది. అయినా రాసింది: పైన 70, కింద 41. ఏడు కుప్పలు, పదేసి గింజలవి, పక్కనే పోశాను. "ఒకటి తియ్యాలంటే చేతిలో విడి గింజలు లేవు గదా, ఏం చేద్దాం?" అన్నాను. అది ఒక కుప్ప కూలదోసింది. "ఇప్పుడు కుప్పలు ఆరే జేజీ" అన్నది. పలకమీద ఏడు కొట్టేసి ఆరు వేసుకున్నది. బళ్ళో ‘అప్పు తెచ్చుకోవడం’ అంటారే, అది అప్పూ కాదు, ఏమీ కాదు, కుప్ప కూలదొయ్యడం. ఆ మాటే మా ఇంట్లో స్థిరపడిపోయింది.

ఏప్రిల్‌లో మళ్ళీ బడులు మూశారు. ఈసారి నాకు భయం లేదు. తొందర వున్నది. ఎక్కాలు పూర్తి కావాలి. ఆటలాడితే ఎక్కాలు వాటంతటవే వస్తాయని నేను చెప్పను. కొన్నింటిని నోట్లో నానబెట్టక తప్పదు. కాని ఎన్నింటిని? పెద్దాడిచేత పడసాలలో పదికి పది గళ్ళు గీయించాను. నూరు గళ్ళు చూడగానే చిన్నదాని మొహం చిన్నబోయింది. "ఒకటో ఎక్కం వచ్చు గదా, కొట్టెయ్. పది వచ్చు, కొట్టెయ్" అన్నాను. అరవైనాలుగు మిగిలాయి. మూడు నాలుగులైనా నాలుగు మూడులైనా పన్నెండే గదా, జతలో ఒకటి కొట్టెయ్ అంటే ముప్పైయారు. రెండోది శెనక్కాయలు నేర్పాయి, ఐదోది గుంటలు నేర్పాయి. అవి పోగా ఇరవైయొకటి. తొమ్మిదో ఎక్కం పదివేళ్ళమీద వుంది: ఎన్నో తొమ్మిది కావాలో ఆ వేలు ముడిస్తే ఎడమవైపు పదులు, కుడివైపు ఒకట్లు. అవి ఆరు. తక్కినవి పదిహేను. నూటిలో పదిహేనంటే పదిహేనే! పాత కాలెండరు అంకెలు కత్తిరించి, అట్టముక్కలకు అతికించి పదిహేను జతలు చేశాం. రోజుకు రెండు జతలు, మధ్యాహ్నం ఎండ దిగేదాకా. అన్న గట్టిగా చదువుతాడు, చెల్లెలు వింటుంది.

విని నేర్చుకోవడం తక్కువ విద్య కాదు. మాకు తూర్పున ప్రొద్దుటూరు దగ్గర కల్లూరులో 1907లో పుట్టిన లక్కోజు సంజీవరాయశర్మగారికి పుట్టుకతోనే చూపు లేదు. అక్క ఇంట్లో గట్టిగా చదివే పాఠాలు విని నేర్చుకున్నారని చెబుతారు. ఆయన గణితావధానిగా దేశమంతా తిరిగి, అంకెలు చదవలేని కళ్ళతోనే పెద్ద పెద్ద పండితులు ఇచ్చిన లెక్కలకు జవాబులు చెప్పారు. వయొలిన్ కూడా వాయించేవారు. 1997లో పోయారు. ఆయన పేరు చెప్పాక పెద్దాడు చదివే గొంతు ఇంకొంచెం పెరిగింది. పక్కింటివాళ్ళు కిటికీ మూసుకున్నారు.

పదిహేనింటిలో పదునాలుగు జతలు వచ్చాయి. చివరిది మిగిలింది. ఏది మిగిలిందో మీకు చెప్పాలా? ఏడెనిమిదులు. పట్టుకుందామంటే నాకే నోరు రాలేదు. ఆ అట్టముక్కను రెండుసార్లు కట్ట అడుగుకు తోశాను.

చిన్నదే దాన్ని బయటికి లాగింది. లాగి, కొంతసేపు చూసి, చటుక్కున లేచి గుమ్మం దగ్గరనుంచి గోడదాకా బండమీద బండ తొక్కుకుంటూ నడిచింది. "ఎనిమిది." పక్కకు తిరిగి నడిచింది. "ఏడు." మళ్ళీ మధ్యకు వచ్చి నిలబడి, "జేజీ, ఇదంతా ఏడెనిమిదులే!" అన్నది.

నిజమే. పదకొండేళ్ళ కిందట మా అబ్బాయే ఫ్యాక్టరీలో మిగిలిన బండలు తెచ్చి, తన చేతులతో ఆ పడసాల పరిచాడు. అటు ఎనిమిది, ఇటు ఏడు. అన్నేళ్ళూ నేను వాటిమీద నడిచాను, కడిగాను, ముగ్గుపెట్టాను. ఒక్కసారి లెక్కపెట్టలేదు.

బడులు 2021 ఆగస్టు 16న తెరుస్తారనగా, దానికి ముందు సాయంత్రం మా అబ్బాయి ఇంటికి వచ్చి కాళ్ళు కడుక్కుంటున్నాడు. చిన్నది గుమ్మంలోనే పట్టుకున్నది.

"నాయనా, మన పడసాలలో ఎన్ని బండలు?"

"యాభైయారు. రెండొందల ఇరవైనాలుగు అడుగులు" అన్నాడు తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ.

"మరి ఏడెనిమిదులెంత?"

తువ్వాలు ఆగింది. నేను చేతిలో గింజలతో అట్లాగే వుండిపోయాను. వాడు కూతురివైపు చూడలేదు, నావైపు చూశాడు. నేల చూశాడు. పెదవులు కదిలాయి. ఆ చెయ్యి పైకి లేస్తుందేమోనని నేను చూస్తున్నాను. లేవలేదు. తువ్వాలును పట్టుకునే వున్నది.

"యాభైయారు" అన్నాడు మెల్లగా.

"రేయ్ నాయనా, ఆ పొద్దు నేను..." అన్నాను. తక్కినది గొంతులోనే నిలిచిపోయింది.

"జరుగు మా" అని నా పక్కన చతికిలబడ్డాడు. "నేనొక ఆట వేస్తా. గుంతకు ఐదేనా?"

వాడు వామనగుంటలు ఎప్పుడు నేర్చుకున్నాడో నాకు తెలియదు. తలుపు సందులోనుంచి ఎన్ని సాయంత్రాలు చూశాడో ఏమో. మొదటి ఆటలోనే నాకు మూడు గుంటలు మూతబడ్డాయి. చిన్నది పలక అందుకుని, "జేజీ, నువ్వే రాయాల, ఓడినోళ్ళు రాయాల" అని సుద్దముక్క నా చేతిలో పెట్టింది.